ఎక్సెల్‌లో తేదీల తీసివేత: రెండు రోజుల ఆలస్యానికి 179 రోజులు ఎందుకు చూపిస్తోంది?

విద్యానగర్_కోశాధికారి

మాది విద్యానగర్‌లో ఓ పాత అపార్ట్‌మెంట్. రైల్వేలో పద్దులు రాసి రిటైరయ్యానన్న ఒక్క నేరానికి సంఘం కోశాధికారి పదవి నాకు అంటగట్టారు. నాకు బౌండు పుస్తకం, కలం ఉంటే చాలు. కొత్త కమిటీ మాత్రం లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే ఉండాలని తీర్మానం చేసింది. తీర్మానం చేసినవారిలో ఎక్సెల్ తెలిసినవారు ఒక్కరూ లేరు.

విషయానికి వస్తాను. మెయింటెనెన్స్ నెలకు 2,500 రూపాయలు. గడువు ప్రతి నెలా 10వ తేదీ. దాటితే రోజుకు పది రూపాయల చొప్పున ఆలస్య రుసుము. బ్యాంకు సైటు నుంచి సంఘం ఖాతా స్టేట్‌మెంట్‌ను సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడగొట్టిన ఉత్త అక్షరాల ఫైలు) దించుకుంటాను. దాని మీద రెండుసార్లు నొక్కితే ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. అందులోని తేదీల కాలమ్‌ను నా షీటులో అతికిస్తాను. బి కాలమ్‌లో గడువు (10-జూన్-2025 అని నెల పేరుతో నేనే కొట్టాను), సి కాలమ్‌లో డబ్బు జమైన తేదీ, డి కాలమ్‌లో =సి2-బి2. చివరి కాలమ్‌లో, సి పెద్దదైతే 'ఆలస్యం', కాకపోతే 'సకాలం'.

చేయవలసింది తీసివేత. వచ్చింది ఇదీ:

101వ ఫ్లాటు జూన్ 5న కట్టింది. మైనస్ 5 రావాలి, మైనస్ 35 వచ్చింది.
203 జూన్ 12న కట్టింది. 2 రావాలి, 179 వచ్చింది.
401 జూన్ 11న కట్టింది. 1 రావాలి, 149 వచ్చింది.
404 జూన్ 6న కట్టింది. మైనస్ 4 రావాలి, మైనస్ 4 వచ్చింది!
302 జూన్ 14న కట్టింది. '#వాల్యూ!' అని వచ్చింది.
202 మే 28నే ముందుగా కట్టేసింది. అక్కడా '#వాల్యూ!', పైగా పక్కన 'ఆలస్యం'.

202లో ఉండే పెద్దావిడ ఒక్క నెల కూడా గడువు దాటనివ్వని మనిషి. మా కార్యదర్శి నాకు చూపించకుండానే ఆ జాబితా ప్రింటు తీయించి లిఫ్టు పక్కన అంటించారు. ఆవిడ దిగివచ్చి, కళ్లజోడు సర్దుకుని చదివి, ఒక్క మాటా అనకుండా పైకి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. ఆ లోటు 203 ఆయన తీర్చారు. 1,790 రూపాయల రుసుము చూస్తే ఎవరైనా తిడతారు.

తప్పు అన్ని వరుసల్లోనూ ఒకే తీరుగా ఉంటే పట్టుకోవడం నాకు చేతనవును. జీవితమంతా చేసిన పని అదే. ఇక్కడ ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, ఒకటి ఎర్రర్, ఒకటి నిక్షేపంగా ఉంది. సెల్స్ ఫార్మాట్‌ను 'డేట్' అని మార్చినా ఏమీ మారలేదు. అన్నిటికన్నా నన్ను సతాయిస్తున్నది 404. అది ఒక్కటీ ఎలా సరిగ్గా వచ్చింది?

కోఠి_ఆడిటర్

మీ ఫార్ములాలో లోపం లేదు. మీ కంప్యూటర్ అమెరికాలో ఉంది.

బ్యాంకు ఫైలులో 12/06/2025 అని ఉంటుంది. మనం దాన్ని జూన్ 12 అని చదువుతాం. అమెరికా పద్ధతిలో ముందు నెల, తర్వాత రోజు. కాబట్టి మీ ఎక్సెల్ దాన్ని డిసెంబరు 6 అనుకుంది. జూన్ 10 నుంచి డిసెంబరు 6కి 179 రోజులు, వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. 11/06 నవంబరు 6 అయింది, అందుకే 149. 05/06 మే 6 అయింది, అందుకే మైనస్ 35.

404 సంగతి: 06/06ని ఎటునుంచి చదివినా జూన్ 6 కదా.

ఇక 14/06. పద్నాలుగో నెల లేదు. దీన్ని తేదీగా చదవడం కుదరక ఎక్సెల్ ఉత్త అక్షరాలుగా వదిలేసింది. అక్షరాల్లోంచి తేదీని తీసివేయమంటే ఎర్రర్ ఇస్తుంది. సి కాలమ్‌ను కాస్త వెడల్పు చేసి చూడండి. మీరు అలైన్‌మెంట్ మార్చి ఉండకపోతే కొన్ని తేదీలు కుడి అంచుకు, కొన్ని ఎడమ అంచుకు అతుక్కుని ఉంటాయి. కుడివైపువి ఎక్సెల్ తేదీలుగా ఒప్పుకున్నవి. ఎడమవైపువి అక్షరాలు.

పెద్దావిడకు 'ఆలస్యం' పడటానికి కారణం వేరు. ఎక్సెల్‌లో అక్షరాలను అంకెతో పోలిస్తే ఎప్పుడూ అక్షరాలే పెద్దవి. 28/05/2025 అక్షరాలుగా ఉంది కాబట్టి పక్కన ఏ గడువు పెట్టినా దానికన్నా పెద్దదే. ఆవిడ 1995లో కట్టి ఉన్నా ఆలస్యమే అనేది.

ఎర్రర్లు కనబడకుండా చేయడానికి ఎవరైనా మీకు 'ఇఫ్ఎర్రర్' ఫార్ములా చుట్టి ఇస్తామంటే వద్దనండి. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో సగం రోగాలు దానివల్లే. ఎర్రర్ వచ్చిన వరుసలు కనీసం మిమ్మల్ని పిలుస్తున్నాయి. 101 వరుస చూడండి: అసలు తేదీకీ, చూపిన తేదీకీ నెల తేడా ఉంది, అయినా రెండూ గడువుకు ముందే, రుసుము రెంటికీ సున్నాయే. దాన్ని ఎవరూ తిరిగి చూడరు.

సున్నా_ఒకటి

ఆడిటర్ గారు రోగం చెప్పారు, మందు నేను చెబుతాను.

ముందు ఒక పరీక్ష చేయండి. బి2లోని గడువు సెల్‌ను 'నంబర్' ఫార్మాట్‌లోకి మార్చండి. 45818 అని కనిపించాలి. ఎక్సెల్ తేదీని అలాగే దాచుకుంటుంది: 1900 జనవరి 1 అంటే 1, అక్కడినుంచి రోజుకు ఒకటి చొప్పున లెక్క. మనకు కనిపించే రోజు, నెల, సంవత్సరం అంతా పైపూత. మీరు 'డేట్' అని ఫార్మాట్ మార్చినప్పుడు ఏమీ జరగకపోవడం అందుకే. పూత మారింది, లోపలి అంకె మారలేదు. 203 వరుసలో సి సెల్‌ను ఇలాగే చూస్తే 45997 ఉంటుంది. తేడా 179. 302 వరుసలో మాత్రం ఏ ఫార్మాట్ పెట్టినా 14/06/2025 అలాగే ఉంటుంది, ఎందుకంటే అక్కడ అంకె లేదు.

ఇప్పుడు మందు. ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరవడం మానేయండి. అలా తెరిస్తే విండోస్ ఏ దేశం పద్ధతిలో ఉందో ఆ పద్ధతిలో తేదీలను చదివేస్తుంది, మిమ్మల్ని అడగదు. ఖాళీ షీటు తెరిచి, 'డేటా' ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' నొక్కి ఫైలును ఎంచుకోండి. వచ్చిన పెట్టెలో 'ట్రాన్స్‌ఫార్మ్ డేటా' నొక్కండి. కుడి పక్క జాబితాలో 'చేంజ్‌డ్ టైప్' అనే మెట్టు తనంతట తాను చేరి ఉంటుంది. దాన్ని ముందు కొట్టేయండి, లేకపోతే పాత తప్పే మళ్లీ జరుగుతుంది. తర్వాత తేదీ కాలమ్ శీర్షిక మీద కుడి క్లిక్, 'చేంజ్ టైప్', 'యూజింగ్ లొకేల్'. అక్కడ రకం 'డేట్', లొకేల్ (అంటే ఏ దేశం పద్ధతి అన్నది) 'ఇంగ్లిష్ (ఇండియా)'.

విండోస్ 'రీజియన్' సెట్టింగులో కూడా ఇంగ్లిష్ (ఇండియా) పెట్టేయండి. అయితే దానివల్ల ఇకముందు తెరిచే ఫైళ్లే బాగుపడతాయి. ఇప్పటికే డిసెంబరు 6 అయిపోయిన జూన్ 12 తిరిగి రాదు. గూగుల్ షీట్స్ వాడేవారికి ఇదే సెట్టింగు ఫైల్ మెనూలో 'సెట్టింగ్స్' కింద 'లొకేల్' పేరుతో ఉంటుంది. అది ఆ షీటు వరకే వర్తిస్తుంది.

అడగకపోయినా ఒక సంగతి. ఏదైనా సెల్‌లో 60 కొట్టి తేదీ ఫార్మాట్ పెడితే 1900 ఫిబ్రవరి 29 అని చూపిస్తుంది. అలాంటి రోజు లేదు, 1900 లీపు సంవత్సరం కాదు. ఎక్సెల్ కంటే ముందు రాజ్యమేలిన లోటస్ 1-2-3లో ఆ తప్పు ఉండేది. ఆ ఫైళ్లు ఇందులోనూ అవే అంకెలతో తెరుచుకోవాలని తెలిసే ఆ తప్పును ఉంచేశారు. మీ మెయింటెనెన్స్ లెక్కకు దీనితో పని లేదు, కానీ పద్దులు రాసినవారు ఇష్టపడతారని చెప్పాను.

విద్యానగర్_కోశాధికారి

ఇష్టపడ్డాను. ముందరివారి తప్పును తెలిసే ముందుకు మోయడం మా ఆఫీసులో కూడా చూశాను. అక్కడ దాన్ని 'ఆనవాయితీ' అనేవారు.

జూన్ ఫైలును మీరు చెప్పినట్టే తెచ్చాను. 203కి 2, 401కి 1, 202కి మైనస్ 13 వచ్చాయి. పాత జాబితాను నేనే చింపాను. కొత్తదాని మీద కార్యదర్శితో సంతకం చేయించాను.

అయితే మూడు చిక్కులు మిగిలాయి.

ఒకటి, జనవరి నుంచి మార్చి వరకు అసలు సీఎస్‌వీ ఫైళ్లు లేవు. నాకంటే ముందున్నాయన ఎక్సెల్ ఫైళ్లుగా భద్రం చేసి, అసలువి తీసేశారు. వాటిలో నెలా రోజూ తారుమారైన తేదీలు, అక్షరాలుగా మిగిలినవి కలిసే ఉన్నాయి. నగదు ఇచ్చినవారి వరుసలు మాత్రం ఆయన నెల పేరుతో రాశారు, అవి బాగానే ఉన్నాయి.

రెండు, ఏప్రిల్ తేదీలను ఎవరో బ్యాంకు వెబ్ పేజీ నుంచి నేరుగా కాపీ చేశారు. చూడటానికి శుభ్రంగా ఉన్నాయి. కానీ ఏ ఒక్కటీ తేదీగా మారదు.

మూడు, 303 అబ్బాయి 10వ తేదీ రాత్రి తొమ్మిదికి ఫోను నుంచి కట్టాడు. ఆ యాప్ ఇచ్చిన జాబితా నుంచి తెచ్చుకున్న వరుస అది. తేదీ సరిగ్గానే ఉంది, 10-06-2025. కానీ 'ఆలస్యం' అంటోంది. రోజుల కాలమ్‌లో 1 అని పడింది. గడువు రోజున కట్టినవాడికి రుసుమా?

కోఠి_ఆడిటర్

మొదటిది నేను చెబుతాను. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. ఖాళీగా ఉన్న కొత్త కాలమ్‌లో:

=ఇఫ్(ఈజ్‌నంబర్(సి2), డేట్(ఇయర్(సి2), డే(సి2), మంత్(సి2)), డేట్(రైట్(సి2,4), మిడ్(సి2,4,2), లెఫ్ట్(సి2,2)))

సి2లో అంకె ఉంటే అది తారుమారైన తేదీ, కాబట్టి రోజును నెల స్థానంలో, నెలను రోజు స్థానంలో వేస్తుంది. అక్షరాలుంటే చివరి నాలుగు సంవత్సరంగా, మధ్య రెండు నెలగా, మొదటి రెండు రోజుగా తీసుకుంటుంది.

ఈ మందు ఆరోగ్యంగా ఉన్నవారికి వేస్తే జబ్బు చేస్తుంది. నగదు వరుసల మీద పెట్టకండి, బాగున్న తేదీలు చెడిపోతాయి. ఒకసారి సరిచేసిన కాలమ్ మీద మళ్లీ నడపకండి, మొదటికొస్తుంది. పాత కాలమ్‌ను చెరపకుండా పక్కనే ఉంచండి.

సరిపోయిందో లేదో చూసుకోవడానికి పద్దుల మనిషికి రెండు గుర్తులు చాలు. స్టేట్‌మెంట్ ఎప్పుడూ తేదీ వరుసలో ఉంటుంది. మీ కొత్త కాలమ్ పైనుంచి కిందికి ఒకే దిక్కులో నడవాలి, మధ్యలో ఎక్కడా వెనక్కి దూకకూడదు. రెండోది, మార్చి స్టేట్‌మెంట్‌లో కనిష్ఠ, గరిష్ఠ తేదీలు రెండూ మార్చిలోనే ఉండాలి. 'మిన్', 'మ్యాక్స్' ఫంక్షన్లతో చూడండి. అవి అక్షరాలను పట్టించుకోవు కాబట్టి 'కౌంట్' కూడా పెట్టి, ఎన్ని వరుసలున్నాయో అన్ని తేదీలు లెక్కలోకి వచ్చాయా చూడండి.

అసలు ఫైళ్లు మళ్లీ దించుకునే వీలుంటే మాత్రం ఈ ఫార్ములా జోలికి వెళ్లకండి. ఆ బ్యాంకు సైటులో పాత నెలలు ఇస్తారేమో ముందు చూడండి.

సున్నా_ఒకటి

మిగతా రెండూ నావి.

ఏప్రిల్ తేదీ ఉన్న సెల్‌కు 'లెన్' పెట్టి చూడండి. 14/04/2025 అంటే పది అక్షరాలు. మీకు 11 వస్తుందని నా అనుమానం. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు మామూలు ఖాళీలా కనిపించే మరో రకం ఖాళీ అంటుకుని వస్తుంది, దాని కోడు 160. 'ట్రిమ్' మామూలు ఖాళీలనే తీస్తుంది, దీన్ని ముట్టుకోదు. =సబ్‌స్టిట్యూట్(సి2, క్యార్(160), "") అని పెట్టండి. ఫలితాన్ని కాపీ చేసి 'వాల్యూస్'గా అతికించి, ఆ కాలమ్‌ను ఎంచుకుని 'డేటా' ట్యాబ్‌లో 'టెక్స్ట్ టు కాలమ్స్' తెరవండి. మూడో పేజీలో 'డేట్' పక్కన 'డీఎంవై' (రోజు, నెల, సంవత్సరం) ఎంచుకుని ముగించండి. మొత్తం అక్షరాలుగా ఉన్న కాలమ్‌కు ఇది చక్కటి దారి. సగం సగం ఉన్న జనవరి, ఫిబ్రవరి, మార్చి కాలమ్స్‌కు మాత్రం పనికిరాదు, తారుమారైన అంకెలు అలాగే ఉండిపోతాయి.

303 అబ్బాయి సంగతి. ఆ సెల్‌లో తేదీతో పాటు సమయం కూడా ఉంది, ఫార్మాట్ వల్ల మీకు కనిపించడం లేదు. రోజంతా కలిసి 1 అయితే రాత్రి తొమ్మిది అంటే 24లో 21 వంతులు, 0.875. సెల్‌లో ఉన్నది 45818.875. గడువు 45818. తేడా 0.875, దశాంశాలు చూపకపోతే 1గా గుండ్రం చేసి చూపిస్తుంది. పోలికలోనూ పెద్దదే అవుతుంది. =ఇంట్(సి2)-బి2 అని రాయండి, సమయం రాలిపోతుంది. 'ఆలస్యం' కాలమ్‌లోనూ ఇంట్(సి2) వాడండి.

బడి_ఆఫీసు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడి కార్యాలయంలో పనిచేస్తున్నాను. తేదీలు తేదీలుగా మారకపోవడం మీ బాధ. కానివి తేదీలైపోవడం మా బాధ.

మన ఊరి ఇంటి నంబర్లు తెలుసుగా, గీతలతో ఉంటాయి. పిల్లల చిరునామాల కాలమ్‌లో 2-3-15 అని కొడితే 2015లో ఏదో ఒక రోజుగా మారిపోతుంది. మా కంప్యూటర్‌లో మార్చి 2, మీ పాత సెట్టింగులో అయితే ఫిబ్రవరి 3. ఒకసారి మారాక ఫార్మాట్‌ను 'టెక్స్ట్' చేస్తే 42065 లాంటి అంకె మిగులుతుంది. ఇంటి నంబరు పోయినట్టే. అందుకే కొట్టకముందే కాలమ్ మొత్తాన్ని 'టెక్స్ట్' చేయాలి, లేదా నంబరు ముందు ఒక ఒంటి కొటేషన్ గుర్తు పెట్టాలి. కొత్తగా చేరినవారికి మా దగ్గర మొదట నేర్పేది ఇదే.

ఇంకొకటి. సంవత్సరాన్ని రెండంకెల్లో రాయనివ్వకండి. మా తాతగారు 1928లో పుట్టారు. పెన్షన్ కాగితానికి ఎవరో 28 అని కొట్టారు. ఎక్సెల్ 2028 అనుకుంది. వయసు లెక్కపెడితే ఎర్రర్. ఇంకా పుట్టలేదు కదా!

సున్నా_ఒకటి

ఇంటి నంబర్ల విషయంలో మీకు తోడున్నారు, అమ్మా. మనిషి జన్యువుల్లో కొన్నింటి పేర్లు మార్చ్1, సెప్ట్1 అని ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 1 చేసేస్తుంటే, జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ పేర్లనే మార్చేసింది. మనం జీహెచ్‌ఎంసీని ఇంటి నంబర్లు మార్చమనలేం కాబట్టి మీ కొటేషన్ గుర్తే గతి.

విద్యానగర్_కోశాధికారి

ఏప్రిల్‌లో 'లెన్' 11 వచ్చింది. బాగుపడింది. పాత నెలల స్టేట్‌మెంట్లు బ్యాంకు సైటులో దొరికాయి, ఫార్ములా అవసరం పడలేదు. 303 అబ్బాయికి రుసుము లేదు.

చివరగా ఒకటి. ఆగస్టులో పదో తేదీ ఆదివారం. తొమ్మిదో తేదీ రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. అలాంటప్పుడు గడువు తర్వాతి పనిదినానికి జరగాలని కొందరి వాదన. దీన్ని షీటులోనే పెట్టవచ్చా?

కోఠి_ఆడిటర్

పెట్టవచ్చు, కానీ ఎందుకు? నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి సెలవుల్లోనూ, రాత్రుల్లోనూ పనిచేస్తోంది. యూపీఐ సరేసరి. ఆదివారం కట్టలేకపోయానన్నవాళ్లు సోమవారమూ కట్టరు.

విద్యానగర్_కోశాధికారి

మూడు ఫ్లాట్లవాళ్లు ఇప్పటికీ చెక్కులే ఇస్తారు. వాళ్లలో ఒకరు కమిటీ అధ్యక్షులు.

కోఠి_ఆడిటర్

అలాగైతే ముందు నిబంధనల్లో రాయించండి. మీ నిబంధనల్లో 'పదో తేదీ' అనే ఉండి, షీటులో పదకొండు ఉంటే, రేపు 203 ఆయన రెండూ పట్టుకుని వస్తారు.

సున్నా_ఒకటి

రాయించాక ఇలా చేయండి. సెలవులకు వేరే షీటు పెట్టి, ఒక కాలమ్‌లో తేదీలు నింపి, ఆ కాలమ్‌కు 'సెలవులు' అని పేరు పెట్టుకోండి. గడువు సెల్‌లో:

=వర్క్‌డే.ఇంట్ల్(డేట్(2025,8,10)-1, 1, 11, సెలవులు)

తొమ్మిదో తేదీ నుంచి ఒక పనిదినం ముందుకు వెళ్లమంటున్నాం. పదో తేదీ పనిదినమైతే అదే వస్తుంది, కాకపోతే ఆ తర్వాతిది. మధ్యలో ఉన్న 11కు 'వారాంతపు సెలవు ఆదివారం ఒక్కటే' అని అర్థం. అది ఇవ్వకపోతే ఎక్సెల్ శనివారాలన్నిటినీ సెలవుగా లెక్కేస్తుంది. మన బ్యాంకులకు 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలే సెలవు. వాటిని సెలవుల కాలమ్‌లో చేర్చాలి. చేతితో వెతకక్కర్లేదు, ఏ2లో సంవత్సరం, బి2లో నెల అంకె పెట్టుకుంటే రెండో శనివారం:

=డేట్(ఏ2,బి2,15)-వీక్‌డే(డేట్(ఏ2,బి2,1))

2025, 8 వేసి చూడండి, ఆగస్టు 9 వస్తుంది. దానికి 14 కలిపితే నాలుగోది. పండగల సెలవులకు మాత్రం ఫార్ములా లేదు. ఏటా బ్యాంకు సెలవుల జాబితా చూసి కొట్టుకోవలసిందే. హైదరాబాద్‌కు వర్తించేది చూసుకోండి, రాష్ట్రానికో రకంగా ఉంటుంది. కొట్టేటప్పుడు నెల పేరుతోనే కొట్టండి.